పెళ్లి వీడియోల హార్డ్ డిస్కు టీవీలో ఆడాలంటే: బుల్లి మీడియా ప్లేయర్‌కి డబ్బా, వైర్లు సెట్ చేస్కునే పద్ధతి

మా ఇంట్లో టీవీ పక్కన అరచేతిలో పట్టేంత డబ్బా ఒకటి ఉంటుంది, అదే మా మీడియా ప్లేయర్. దాంట్లో సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి నాకు పావుగంట పట్టింది, వైర్లు సరిగ్గా కుదరడానికి మాత్రం మూడు ఆదివారాలు పోయాయి. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా సాఫ్ట్‌వేర్ గురించే చెప్తారు, ఏ కన్నంలో ఏ వైరు, డబ్బా ఎక్కడ పెట్టాలి, ఎందుకు వేడెక్కుతుంది అనేది ఎవరూ చెప్పరు. అందుకే ఇది రాస్తున్నా.

అసలు ఎందుకు పెట్టాల్సొచ్చిందంటే నాన్నగారి దగ్గర ఒక హార్డ్ డిస్క్ ఉంది, మా పెళ్లి, చెల్లి ఓణీల ఫంక్షన్, గృహప్రవేశం, పాత క్యాసెట్లు డీవీడీలు అన్నీ అందులోకి మార్పించాం. టీవీకి నేరుగా పెడితే కొన్ని వస్తాయి, కొన్నిటికి బొమ్మ వచ్చి సౌండ్ రాదు, కొన్ని అసలు కనపడవు. టీవీ కంపెనీలు కొన్ని సౌండ్ ఫార్మాట్లు తీసేస్తాయి, అందుకే అలా. నేను రాస్‌ప్బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు (ఇక నుంచి ఉత్త ‘పై 4’ అంటా) తీస్కుని దాంట్లో లిబ్రెఎలెక్ అనే సాఫ్ట్‌వేర్ వేశా, లోపల వీడియోలు ఆడించేది కోడి అనే ప్రోగ్రాం (ఒకప్పుడు ఎక్స్‌బీఎంసీ అనేవాళ్లు, 2014లో పేరు మార్చారు). ముందే ఒక మాట, మీకు కావాల్సింది ఓటీటీ యాప్‌లు మాత్రమే అయితే ఇదంతా వద్దు, మామూలు స్ట్రీమింగ్ స్టిక్ కొనుక్కోండి హాయిగా. ఇది సొంత ఫైళ్లు ఉన్నోళ్లకి.

1. కొనే ముందు టీవీని వెనక్కి తిప్పండి

నిజంగానే చెప్తున్నా, ముందు టీవీ వెనకవైపు ఫోన్‌తో ఫొటో తియ్యండి, హోమ్ థియేటర్ ఉంటే దాని వెనక కూడా. చూడాల్సినవి: హెచ్‌డీఎంఐ పోర్టులు ఎన్ని, వాటిల్లో ఏఆర్‌సీ అని రాసి ఉన్నది (టీవీ సౌండ్‌ని సౌండ్‌బార్‌కి పంపేది) ఏది, ఆప్టికల్ అనే చదరపు కన్నం (సౌండ్‌ని వెలుతురుగా పంపేది) ఉందా, పసుపు ఎరుపు తెలుపు కన్నాలున్నాయా, గోడకీ టీవీకీ మధ్య ఎంత ఖాళీ ఉంది. ఈ చివరిది నేను చూళ్లేదు, మా టీవీ గోడకి అతుక్కుపోయినట్టు ఉంటుంది, హెచ్‌డీఎంఐ పోర్టులు రెండూ నేరుగా గోడ వైపుకే, మామూలు కేబుల్ పెడితే మెడ విరిగినట్టు వంగిపోతుంది. అలా ఉంటే ఎల్ ఆకారంలో ఉండే చిన్న అడాప్టర్ కొనాలి, అందులో పైకి తిరిగేది కిందకి తిరిగేది అని రెండు రకాలుంటాయి, మీ పోర్టు ఎటు తిరిగుందో చూస్కుని తెచ్చుకోండి, లేకపోతే నాలాగా రెండుసార్లు షాపుకి వెళ్లాలి.

2. బోర్డు మీద ఏది ఎక్కడుంది

పై 4 సైజు సుమారు 85 మిల్లీమీటర్లు ఇంటు 56, ఏటీఎం కార్డంత. పొడవు వైపు ఒక అంచున వరసగా టైప్ సి పవర్, పక్కన రెండు మైక్రో హెచ్‌డీఎంఐలు, ఆ పక్కన 3.5 మిల్లీమీటర్ల గుండ్రటి ఏవీ జాక్. పొట్టి వైపు అంచున నెట్‌వర్క్ పోర్టు, రెండు నీలం యూఎస్‌బీ 3, రెండు నలుపు యూఎస్‌బీ 2. దానికి ఎదురు అంచున అడుగున మెమరీ కార్డు.

ఇక్కడే డిజైన్ పరంగా ఇబ్బంది, వైర్లు రెండు పక్కల నుంచి బయటకొస్తాయి. పవరూ హెచ్‌డీఎంఐ ఒక పక్క, హార్డ్ డిస్కూ నెట్టూ ఇంకో పక్క. షోకేస్‌లో ముందు నుంచి చూస్తే ఏదో ఒక పక్క వైర్లు కనపడతాయి, ఇంట్లో ఆడవాళ్ల దగ్గర మార్కులు పోయేది ఇక్కడే. దీనికి రెండు దార్లున్నాయి, ఒకటి డబ్బాని మూలకి ఏటవాలుగా పెట్టడం, రెండోది లోపల చిన్న అదనపు బోర్డు ఉండి పోర్టులన్నిటినీ ఒకే పక్కకి తిప్పే కేసు కొనడం. రెండోది ఖరీదెక్కువ, అయినా నా ఓటు దానికే, కొన్ని కేసుల్లో మైక్రో హెచ్‌డీఎంఐ కాస్తా మామూలు పెద్ద హెచ్‌డీఎంఐ అయిపోతుంది కూడా, ఆ బుల్లి పోర్టు విరుగుతుందన్న భయం ఉండదు.

పాత పై 3 కేసు ఇంట్లో ఉంది కదా అని అందులో పై 4 పెడదాం అనుకోకండి, పట్టదు. నెట్‌వర్క్ పోర్టూ యూఎస్‌బీలూ స్థానాలు మార్చుకున్నాయి, హెచ్‌డీఎంఐ ఒకటి కాస్తా రెండయ్యింది. పై 5 తీస్కుంటే ఇంకో సంగతి, దాంట్లో గుండ్రటి ఏవీ జాక్ తీసేశారు, పాత టీవీకో పాత ఆంప్లిఫయర్‌కో కలిపే ఆలోచన ఉన్నోళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. కొత్తది కదా అన్నిట్లో మెరుగే అనుకుంటాం, మీడియా ప్లేయర్ వరకు పై 4 కనెక్షన్లే నాకు సుఖంగా అనిపించాయి.

3. కేసు, వేడి

మాది పల్నాడు, రెంటచింతల ఎండల గురించి వినే ఉంటారు, మే నెలలో ఫ్యాన్ కింద కూర్చున్నా చెమట ఆగదు. ఈ చిప్ 80 డిగ్రీలు దాటితే తనంతట తనే స్పీడ్ తగ్గించుకుంటుంది, 85 దగ్గర ఇంకా గట్టిగా తగ్గిస్తుంది. కాలిపోదు, భయం లేదు, కానీ పెద్ద ఫైలు ఆడుతుంటే బొమ్మ జర్క్ కొడుతుంది. గది ఉష్ణోగ్రత 40 ఉన్నప్పుడు, అద్దం తలుపులున్న షోకేస్‌లో, కింద సెట్ టాప్ బాక్స్ వేడి తగుల్తూ ఉంటే ఆ 80 ఎంతసేపు చెప్పండి. నేను మొదటి నెల అలాగే పెట్టా. సినిమా ఇంటర్వెల్‌దాకా బాగుండేది, తర్వాత నత్తనడక, నేనేమో ఫైల్ బాలేదు అనుకుని అదే సినిమా మళ్లీ మళ్లీ కాపీ చేశా.

ఏం చెయ్యాలంటే, ప్లాస్టిక్ కేసు వద్దు, మొత్తం అల్యూమినియం దిమ్మలా ఉండి చిప్‌కి నేరుగా అంటుకునే రకం తీస్కోండి, మధ్యలో థర్మల్ ప్యాడ్ అని చిన్న మెత్తటి బిళ్ల ఇస్తారు, దానికి రెండు వైపులా ఉన్న పల్చటి ప్లాస్టిక్ పొర పీకి అంటించాలి (ఒక వైపు పొర మర్చిపోయినోళ్లు చాలామంది, నా పేరు అడక్కండి). ఫ్యాన్ ఉన్న కేసులు కూడా ఉన్నాయి, చల్లగానే ఉంచుతాయి కానీ రాత్రి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆ చిన్న ఫ్యాన్ దోమలా గుయ్యిమంటది, పైగా మన దుమ్ముకి ఆర్నెల్లలో గరగరలాడుతుంది. కేసు కింద నాలుగు రబ్బరు కాళ్లు ఉండాలి, లేకపోతే సీసా మూతలైనా అంటించండి, కింద గాలి ఆడాలి. సెట్ టాప్ బాక్స్ మీద పెట్టొద్దు, దాని మీద ఇంకేదీ పెట్టొద్దు, ముఖ్యంగా అమ్మ కుట్టిన క్రోషియా గుడ్డ కప్పొద్దు.

లోహపు కేసుకి ఒక లోటుంది, వైఫై సిగ్నల్ తగ్గిస్తుంది. యాంటెన్నా బోర్డు మీదే ఉంటుంది కాబట్టి చుట్టూ అల్యూమినియం ఉంటే గోడ కట్టినట్టే. అందుకే లోహపు కేసు అనుకుంటే నెట్‌కి వైరు లాగాలని కూడా అనుకోండి.

టీవీ వెనకాల వెల్‌క్రోతో అంటించేస్తే కనపడదు కదా అని చాలామంది అడుగుతారు. చెయ్యొచ్చు, కానీ టీవీ ప్యానెల్ వేడి తోడవుతుంది, వైఫై ఇంకా తగ్గుతుంది, హార్డ్ డిస్క్ ఎక్కడ వేలాడదీస్తారు? డిస్కు తిరిగే రకం అయితే వేలాడదియ్యడం అస్సలు పనికిరాదు. చిన్న ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని డిస్కు) అయితే పర్లేదు.

4. పవర్, ఇక్కడ కక్కుర్తి పడొద్దు

పై 4కి 5 వోల్టులు 3 ఆంపియర్లు కావాలి, వాళ్ల సొంత అడాప్టర్ 5.1 వోల్టులు ఇస్తుంది, ఆ 0.1 ఎందుకంటే వైర్లో కొంచెం పడిపోతుంది కాబట్టి. బోర్డు దగ్గరికొచ్చేసరికి 4.63 వోల్టుల కంటే తగ్గితే స్క్రీన్ మీద మెరుపు గుర్తు వస్తుంది. ఫోన్ చార్జర్ పెట్టినోళ్లకి ఈ మెరుపు రోజూ దర్శనమే. చార్జర్ మీద 33 వాట్లు 67 వాట్లు అని పెద్ద పెద్ద అంకెలుంటాయి, అవి ఎక్కువ వోల్టేజ్ దగ్గర లెక్క, 5 వోల్టుల దగ్గర ఎంతిస్తుందో చిన్న అక్షరాల్లో రాసుంటుంది, అది 2 ఆంపియర్లే ఉండొచ్చు, భూతద్దం పెట్టుకుని చదవండి. టీవీ యూఎస్‌బీ పోర్టు నుంచి పవర్ తీస్కుందాం అనే ఐడియా కూడా మానుకోండి, అది మామూలుగా అర ఆంపియరో కాస్త ఎక్కువో ఇస్తుంది అంతే.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకి ఒక జాగ్రత్త. 2019లో మొదట వచ్చిన పై 4 బోర్డుల్లో టైప్ సి పోర్టు డిజైన్‌లో పొరపాటుంది, లోపల చిప్ ఉండే ఖరీదైన ల్యాప్‌టాప్ టైప్ సి కేబుళ్లు పెడితే పవరే తీస్కోదు. తర్వాతి బోర్డుల్లో సరిచేశారు. పాతదే దొరికితే దాని సొంత అడాప్టర్ వాడండి, ఏ గొడవా లేదు.

అమెరికాలో ఉన్న చుట్టాలు పాత ఆంప్లిఫయర్లు, స్పీకర్ సెట్లు మనకి తెచ్చి ఇస్తుంటారు కదా, వాటి వెనక 100-240 వోల్టులు అని ఉంటే పిన్ను మార్చి పెట్టుకోవచ్చు, 120 వోల్టులు అని మాత్రమే ఉంటే మన 230 సాకెట్‌లో పెట్టిన క్షణంలో పొగ వస్తుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

5. హెచ్‌డీఎంఐ కేబుల్

షాపులో మైక్రో హెచ్‌డీఎంఐ అడిగితే మినీ చేతిలో పెడతారు. నాకు అదే జరిగింది, వాళ్ల తప్పు సగం, ప్యాకెట్ విప్పి చూడని నాది సగం. మినీ అనేది కొంచెం వెడల్పు, పై జీరో అనే ఇంకా చిన్న బోర్డులో ఉండేది అది. మైక్రో ఇంకా చిన్నది, పాత ఫోన్ చార్జర్ పిన్నంత ఉంటుంది. బోర్డు వెంట తీస్కెళ్లి పెట్టి చూస్కోండి. కేబుల్‌గా ఉన్నది కొనండి, పొట్టి అడాప్టర్ ముక్క వద్దు, ఎందుకంటే మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ బరువంతా ఆ బుల్లి పోర్టు మీద పడి వారం తిరిగేసరికి లూజ్ అవుతుంది. ముక్కే వాడాల్సొస్తే ఆరంగుళాల వైరుతో వచ్చే రకం వాడండి.

రెండు పోర్టుల్లో ఏది? పవర్‌కి ఆనుకుని ఉన్నదే, ఎప్పుడూ. 4కే (బాగా స్పష్టమైన పెద్ద బొమ్మ) సెకనుకి 60 ఫ్రేములతో వచ్చేది ఆ మొదటి పోర్టు నుంచే. చాలామంది రెండోదాంట్లో పెట్టి బొమ్మ రాలేదని బోర్డు వాపస్ ఇచ్చేస్తుంటారు.

4కే టీవీ అయితే టీవీ సెట్టింగ్స్‌లో కూడా పనుంది. ఆ పోర్టుకి పూర్తి స్పీడ్ ఇవ్వమని మనమే చెప్పాలి, ఎల్‌జీలో డీప్ కలర్ అని, శాంసంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అని ఉంటుంది. 4కే 60కి సెకనుకి 18 గిగాబిట్ల దారి కావాలి, పాత హెచ్‌డీఎంఐ 1.4 దారి 10.2 మాత్రమే, దాంట్లో 4కే 30 వరకే పడుతుంది. సినిమాలు 24 ఫ్రేములే కాబట్టి నిజానికి 30 దారి కూడా సరిపోతుంది, అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు. కేబుల్ రెండు మూడు మీటర్లలోపు ఉంటే మామూలు మంచి కేబుల్ చాలు, బంగారు పూత గట్రా డబ్బులు దండగ. బొమ్మలో తెల్ల చుక్కలు మెరుస్తున్నా, సెకనుపాటు నల్లగా అయ్యి మళ్లీ వస్తున్నా ముందు కేబుల్ మార్చి చూడండి. అంచులు కోసేసినట్టు, కోడి మెనూ చివరి అక్షరాలు మింగేసినట్టు కనపడితే అది కేబుల్ తప్పు కాదు, టీవీలో పిక్చర్ సైజు జస్ట్ స్కానో స్క్రీన్ ఫిట్టో పెడితే పోతుంది.

ఇంకోటి, ఇది సీరియస్‌గా వినండి. రెండు పిన్నుల అడాప్టర్లతో నడిచే సామాన్ల లోహం ముట్టుకుంటే సన్నగా జుమ్మంటుంది, టెస్టర్ పెడితే లైటు కూడా వెలుగుతుంది. మనకి షాక్ కొట్టేంత కాదు కానీ హెచ్‌డీఎంఐ పెట్టే క్షణంలో అది పోర్టు లోపలికి దూకితే చిప్ పోవచ్చు. అందుకని కనెక్షన్లు ఇచ్చేప్పుడు టీవీ, ప్లేయర్, ఆంప్లిఫయర్, సెట్ టాప్ బాక్స్ అన్నీ రిమోట్‌తో కాదు, స్విచ్‌బోర్డు దగ్గర ఆపండి. కేబుల్ టీవీ వైరు కూడా పీకి పక్కన పెట్టండి.

6. హార్డ్ డిస్క్, యూఎస్‌బీలు

పై 4 నాలుగు యూఎస్‌బీలూ కలిపి 1.2 ఆంపియర్లే ఇస్తుంది. రెండున్నర అంగుళాల పోర్టబుల్ డిస్క్ ఒకటి నడుస్తుంది, రెండు పెడితే తిరగడం మొదలెట్టే క్షణంలో కరెంటు చాలక టిక్కు టిక్కు మంటాయి. ఆ టిక్కు శబ్దం వింటే వెంటనే పీకెయ్యండి, పెళ్లి వీడియోలు ఒక్కటే కాపీ ఉంటే ఇంకా. రెండు డిస్కులు కావాలంటే సొంత అడాప్టర్ ఉన్న హబ్ (ఒక యూఎస్‌బీని నాలుగైదు చేసే డబ్బా) కొనండి, మూడున్నర అంగుళాల పెద్ద డిస్క్ అయితే దాని 12 వోల్టుల అడాప్టర్ దానికి ఎలాగూ ఉంటుంది. కొన్ని చవక హబ్‌లు వెనక్కి బోర్డులోకి కరెంటు తోస్తాయి, ప్లేయర్ పవర్ ఆపినా దాని ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటే హబ్ మార్చండి.

డిస్క్ నీలం పోర్టులో పెట్టాలి, స్పీడ్ అక్కడే. ఇక్కడ నాకు జుట్టు పీక్కునేలా చేసిన సమస్య చెప్తా. డిస్క్ పెట్టగానే వైర్‌లెస్ కీబోర్డు తిక్కతిక్కగా చేసేది, ఒక అక్షరం నొక్కితే ఐదు పడేవి, లేకపోతే అసలు పడేవి కావు, వైఫై కూడా పడిపోయేది. బ్యాటరీలు మార్చా, కీబోర్డు మార్చా. కారణం ఏంటంటే యూఎస్‌బీ 3 పనిచేసేప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో గోల వస్తుంది, ఇంటెల్ వాళ్లే 2012లో దీని మీద పేపర్ ఇచ్చారు. కీబోర్డు డాంగిల్ (యూఎస్‌బీలో గుచ్చే దాని బుల్లి రిసీవర్), పాత వైఫై రెండూ అదే 2.4లో ఉంటాయి, డాంగిల్ సరిగ్గా డిస్క్ పక్కనే గుచ్చితే దాని చెవిలో మైకు పెట్టినట్టే. మందు చాలా చవక: డాంగిల్‌ని నలుపు పోర్టులో, అదీ ఒక అడుగు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరంగా పెట్టండి, డిస్క్‌కి కాస్త మందంగా ఉన్న పొట్టి కేబుల్ వాడండి, వైఫై 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. అరగంటలో నా కీబోర్డు మామూలు మనిషయ్యింది.

డిస్క్ ఫార్మాట్ ఎఫ్ఏటీ32 అయితే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, ఎక్స్‌ఫ్యాట్ గానీ ఎన్టీఎఫ్ఎస్ గానీ ఉంటే ప్లేయర్ రెండూ చదువుతుంది. మార్చాలంటే ముందు వేరే చోట కాపీ చేస్కోండి, ఫార్మాట్ కొడితే అన్నీ పోతాయి.

7. సౌండ్

ఇదే అన్నిటికన్నా చిక్కుముడి, ఎందుకంటే ఒక్కో ఇంట్లో ఒక్కో రకం సెట్ ఉంటుంది.

టీవీ స్పీకర్లే చాలు అనుకుంటే హెచ్‌డీఎంఐలోనే సౌండ్ వెళ్తుంది, ఈ భాగం వదిలేసి కిందకి వెళ్లిపోండి.

సౌండ్‌బార్ ఉండి దానికి ఏఆర్‌సీ ఉంటే, టీవీలో ఏఆర్‌సీ అని రాసిన పోర్టు సౌండ్‌బార్‌కి వదిలెయ్యాలి, ప్లేయర్ వేరే పోర్టులో పెట్టాలి. జనం ఎక్కువగా తలకిందులు చేసేది ఇదే, ప్లేయర్ వెళ్లి ఏఆర్‌సీలో కూర్చుంటుంది, సౌండ్‌బార్ మూగబోతుంది.

హెచ్‌డీఎంఐ ఇన్ ఉన్న పెద్ద రిసీవర్ (స్పీకర్లన్నీ కలిపే ఆంప్లిఫయర్) ఉంటే ప్లేయర్ రిసీవర్‌లోకి, రిసీవర్ టీవీలోకి. ఇదే బెస్ట్ దారి, సౌండ్ ఏ కోతా లేకుండా వెళ్తుంది. రిసీవర్ పాతదైతే 4కే 60 తన గుండా పోనివ్వదు అంతే.

ఆప్టికల్ మాత్రమే ఉన్న హోమ్ థియేటర్ అయితే, పై 4కి ఆప్టికల్ పోర్టు లేదు. టీవీ ఆప్టికల్ అవుట్ నుంచి తీయొచ్చు, కానీ చాలా టీవీలు హెచ్‌డీఎంఐలో వచ్చిన 5.1ని (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ సౌండ్) రెండు చానళ్లుగా కుదించి ఆప్టికల్‌కి ఇస్తాయి, వెనక స్పీకర్లు నిద్రపోతాయి. అప్పుడు హెచ్‌డీఎంఐ ఆడియో ఎక్స్‌ట్రాక్టర్ అనే చిన్న డబ్బా మధ్యలో పెట్టాలి, ఒక పక్క హెచ్‌డీఎంఐ లోపలికి, ఇంకో పక్క హెచ్‌డీఎంఐ టీవీకి, పక్కన ఆప్టికల్. దానికి 5.1 అనే స్విచ్ ఉంటుంది, దాన్ని ఆ వైపు తోయండి, కోడిలో పాస్‌త్రూ (సౌండ్‌ని మార్చకుండా ఉన్నదున్నట్టు పంపడం) ఆన్ చెయ్యండి. ఆప్టికల్‌లో డాల్బీ డిజిటల్, డీటీఎస్ 5.1 వెళ్తాయి, బ్లూరేల్లో ఉండే ట్రూహెచ్‌డీ వెళ్లదు. ఆప్టికల్ కేబుల్ కొత్తది అయితే రెండు చివర్లా బుల్లి ప్లాస్టిక్ టోపీలుంటాయి, పీకి పెట్టాలి. చివర ఎర్ర లైటు కనపడాలి, కనపడకపోతే అవతల పోర్టు ఆఫ్‌లో ఉన్నట్టు. మరీ మడిచెయ్యొద్దు, లోపలుండేది వెలుతురు వెళ్లే ఫైబర్, మడత పడితే పోయినట్టే.

ఎరుపు తెలుపు మాత్రమే ఉన్న పాత ఆంప్లిఫయర్, మనూళ్లో షాపుల్లో అసెంబుల్ చేసిచ్చే హోమ్ థియేటర్లు చాలావరకు ఈ రకమే. ప్లేయర్ గుండ్రటి జాక్ నుంచి 3.5 టు ఎరుపు-తెలుపు కేబుల్ పెడితే సౌండ్ వస్తుంది, మామూలు రెండు నల్ల గీతలుండే స్టీరియో పిన్ను ఆడియో వరకు చాలు. కాకపోతే ఆ జాక్‌లో సౌండ్ నాణ్యత సాధారణం, వాల్యూమ్ పెంచితే వెనక సన్నగా ఇస్స్ మంటుంది. చవక యూఎస్‌బీ సౌండ్ కార్డు గుచ్చి దాన్నుంచి తీస్కుంటే తేడా వెంటనే తెలుస్తుంది.

పాత పిక్చర్ ట్యూబ్ టీవీకి పసుపు కన్నంతో కలపాలనుకుంటే మూడు నల్ల గీతలతో నాలుగు భాగాలుగా ఉండే పిన్ను కేబుల్ కావాలి, అదీ సరైన వరస ఉన్నది. ఈ జాక్‌లో కొస నుంచి లెక్కపెడితే ఎడమ సౌండ్, కుడి సౌండ్, గ్రౌండ్, చివరిది వీడియో. పాత వీడియో కెమెరాలకి వచ్చిన కేబుళ్లు అచ్చం ఇలాగే కనపడతాయి, చాలావాటిలో గ్రౌండ్ స్థానం వేరుగా ఉంటుంది, బొమ్మ రాదు సౌండ్ బరబరమంటుంది. మల్టీమీటర్ ఉంటే కంటిన్యూటీ చూస్కోండి, లేకపోతే షాపాయన్ని చూడమనండి. పై 4లో ఈ వీడియో మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, సెట్టింగ్స్ ఫైల్లో ఆన్ చెయ్యాలి.

స్పీకర్లలో ఏం పెట్టకపోయినా గుయ్ మని హమ్ వస్తోందా? సెట్ టాప్ బాక్స్‌లోంచి కేబుల్ టీవీ వైరు పీకి చూడండి. హమ్ ఆగిపోతే ఎర్తింగ్ రెండు దార్లలో కలిసి చుట్టు తిరుగుతోందని అర్థం. ఆప్టికల్ వాడితే ఈ బాధ ఉండదు, అందులో కరెంటు పోదు కాబట్టి. ఎరుపు తెలుపు తప్పనప్పుడు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న ముక్క పెట్టండి, కారు స్టీరియో సామాన్లు అమ్మే షాపుల్లో అడిగితే దొరుకుతుంది. కొందరు ఎర్త్ పిన్ను విరగ్గొట్టమంటారు, ఆ పని మాత్రం చెయ్యొద్దు.

8. నెట్‌వర్క్ వైరు

డిస్క్ ప్లేయర్‌కే ఉంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. వేరే కంప్యూటర్లోంచి ఆడించాలంటే క్యాట్ 5ఈ రకం నెట్‌వర్క్ వైరు చాలు. 4కే బ్లూరే ఫైలు గరిష్ఠంగా సెకనుకి 128 మెగాబిట్ల దాకా పోతుంది, 100 మెగాబిట్ల లైన్ దానికి చాలదు. వైరు బాగానే ఉన్నా 100 దగ్గరే ఆగుతోందంటే ఎనిమిది తీగల్లో నాలుగే సరిగ్గా క్రింప్ అయ్యుంటాయి (పిన్నులో నొక్కి బిగించడాన్ని క్రింప్ అంటారు), గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి, మళ్లీ క్రింప్ చేయించండి. గోడ మీద కేసింగ్‌లో కరెంటు తీగలతో కలిపి లాగొద్దు, విడిగా లాగండి.

9. రిమోట్

నాన్నగారికి ఇంకో రిమోట్ ఇస్తే మంచం కింద తేలుతుంది. హెచ్‌డీఎంఐలో సీఈసీ అని ఒక సదుపాయం ఉంది, టీవీ రిమోట్ బాణాలే ప్లేయర్‌ని నడుపుతాయి, వేరే ఇన్‌ఫ్రారెడ్ కన్ను పెట్టక్కర్లేదు, డబ్బా తలుపు వెనక దాచినా పనిచేస్తుంది. టీవీ సెట్టింగ్స్‌లో దీన్ని సీఈసీ అని రాయరు, శాంసంగ్ ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్, సోనీ బ్రావియా సింక్. ఆన్ చేసినా రాకపోతే మధ్యలో ఉన్న చవక అడాప్టర్ మీద అనుమానపడండి, 19 పిన్నుల్లో 13వది ఈ పనికి, కొందరు తయారీదార్లు దానికి తీగే పెట్టరు. మా ఎల్ ఆకారపు ముక్కల్లో మొదటిది సరిగ్గా ఇలాంటిదే.

10. అన్నీ సర్ది ఆన్ చెయ్యడం

స్పైక్ బస్టర్ ఒకటి, టీవీ సామానంతా దాని మీదకే, పిడుగులు పడే రోజు ఆ ఒక్క పిన్నూ కేబుల్ టీవీ వైరూ నెట్ వైరూ పీకితే చాలు. కరెంటు వైర్లు ఒక పక్క, ఆడియో వైర్లు ఇంకో పక్క, తప్పక దాటాల్సొస్తే అడ్డంగా దాటించండి. ప్రతి వైరుకి రెండు చివర్లా తెల్ల మెడికల్ టేపు అంటించి పెన్నుతో రాయండి, ప్లేయర్, బాక్స్, బార్, డిస్క్ అని. కొంచెం వదులు వదిలెయ్యండి, తుడిచేప్పుడు డబ్బా ముందుకి లాగితే పోర్టు మీద పట్టు పడకూడదు.

మొదటిసారి ఆన్ చేసేప్పుడు టీవీ ముందు, ఆ పోర్టు ఎంచుకుని, తర్వాత ప్లేయర్. తలకిందులుగా చేస్తే టీవీ లేదనుకుని బోర్డు సిగ్నల్ ఇవ్వకపోవచ్చు, నో సిగ్నల్ అని వస్తుంది, మనం కేబుల్ అనుమానిస్తాం. ఆపేప్పుడు మెనూలోంచి ఆపి, బోర్డు మీద పచ్చ లైటు మినుకు ఆగాక స్విచ్ తియ్యండి. కరెంటు పోయినప్పుడల్లా దబ్బున ఆగిపోతే మెమరీ కార్డు పాడవుతుంది, మాకు ఒకటి పోయింది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ప్లేయర్ పిన్ను ఆ లైన్లో పెట్టించుకోండి, తాగేది ఐదారు వాట్లే. అంతా కుదిరాక కార్డు కాపీ ఒకటి తీసి పెట్టుకుని, వెనకవైపు వైర్లతో సహా ఇంకో ఫొటో తీసి నాన్నగారి ఫోన్‌లో కూడా వేశా, పోయిన దసరాకి బూజు దులిపినప్పుడు అమ్మ అన్నీ పీకేసి ఆ ఫొటో చూసే మళ్లీ పెట్టింది, ఏఆర్‌సీతో సహా.